గేరు దానంతటదే మారుతోందా? వైరు తిప్పే ముందు క్యాసెట్ ఊపి చూడండి

నా దగ్గరికి వచ్చే బైకుల్లో (గేర్ల సైకిళ్లే) సగం ఒకే మాట మీద వస్తాయి: "అన్నా, గేరు నిలవట్లేదు." తీసి చూస్తే బారెల్ అడ్జస్టర్ (గేరు వైరు బిగువు మార్చే మర) చివరిదాకా విప్పేసి ఉంటుంది. లిమిట్ స్క్రూల (చైన్ రెండు చివర్లా దాటిపోకుండా ఆపేవి) తలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. ఎవరో ఫోన్లో వీడియో పెట్టుకుని రెండు గంటలు కుస్తీ పట్టారని తెలిసిపోతూనే ఉంటుంది. ఇంతా చేస్తే వెనక చక్రం, ఇరుసు కూర్చునే ఫ్రేము గాడిలో, అంటే డ్రాపవుట్‌లో ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. పంక్చరు వేసుకుని, బైకు తలకిందులుగా ఉండగానే చక్రం బిగించేశారన్నమాట.

అందుకని మొదటి పని ఇది. బైకుని చక్రాల మీద నిలబెట్టండి. క్విక్ రిలీజ్ (చేత్తో తిప్పి చక్రం వదులు చేసే మీట) వదులు చేసి, సీటు మీద ఒక చెయ్యి వేసి నొక్కి, ఇరుసు రెండు వైపులా పైదాకా ఆనిందో లేదో చూసి మళ్లీ బిగించండి. పనిముట్టు అక్కర్లేదు, అర నిమిషం కూడా పట్టదు. అయినా ఎవరూ చేయరు. త్రూ యాక్సిల్ (ఫ్రేము గుండా దూర్చి బిగించే ఇరుసు) ఉన్నవాళ్లకి ఈ బెడద లేదు.

కింద రాసేదంతా చక్రం ఊడదీయడం, క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తి) మార్చడం, ఇండెక్సింగ్ (ఒక్కో క్లిక్కుకి చైన్ సరిగ్గా ఒక్కో పళ్లచక్రం మీద పడేలా వైరు సర్దడం) చేసుకోవడం వచ్చినవాళ్ల కోసం. ముఖ్యంగా ఫ్రేము ఒకచోట, చక్రాలు ఇంకోచోట, గేర్లు మరోచోట కొని సొంతంగా కట్టుకున్న బైకులవాళ్ల కోసం. షోరూం బైకుకి రాని జబ్బులు కొన్ని వీటికే వస్తాయి.

మారుతోందా, జారుతోందా?

ఈ రెండూ వేరు. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ ఒక్కసారిగా ఖాళీలోకి దిగినట్టయి, "టక్" మని మళ్లీ పట్టుకుని, చైన్ మాత్రం అదే పళ్లచక్రం మీద ఉందనుకోండి. అది అరుగుదల. చైన్ చెకర్ పెట్టి చూడండి. 11 స్పీడుకి (వెనక 11 పళ్లచక్రాలున్నదానికి) 0.5 శాతం సాగితే, 10 అంతకంటే తక్కువ స్పీడ్లకి 0.75 శాతం సాగితే చైన్ మార్చాలి. కొత్త చైన్ వేశాక కూడా జారుతుంటే క్యాసెట్ పని కూడా అయిపోయింది. అంతకు మించి ఇందులో రహస్యం లేదు.

మీరు షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట) ముట్టుకోకుండానే చైన్ పక్క చక్రం మీదికి పోతుంటే మాత్రం కింది సంగతులు చదవండి.

పెద్ద పళ్లచక్రానికి బాగానే ఎక్కుతుంది, చిన్నదానికి దిగడానికి బద్ధకిస్తుంది

వైరు ఔటర్ (పై తొడుగు) లోపల ఇరుక్కుంటోంది. షిఫ్టర్ వైరుని వదిలినా, ఆర్‌డీ (చైన్‌ని పక్కకి జరిపే వెనక డిరైలర్) స్ప్రింగుకి దాన్ని లాక్కునే బలం చాలడం లేదు. మాది విశాఖ. రోజూ బీచ్ రోడ్డులో తిరిగే బైకు ఔటర్ చివరలు కోసి చూస్తే లోపల ఎర్రటి పొడి రాలుతుంది. నూనె చుక్కలు వేసి సరిపెట్టకండి. ఇన్నరూ ఔటరూ రెండూ మార్చేయండి. మార్చేటప్పుడు షాపువాడు ఇచ్చింది గేరు ఔటరేనా చూసుకోండి. దాని లోపలి తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు ఔటర్‌లో స్ప్రింగులా చుట్టి ఉంటాయి. గేరుకి బ్రేకు ఔటర్ వేస్తే షిఫ్ట్ చేసిన ప్రతిసారీ అది నొక్కుకుపోయి ఇండెక్సింగ్ ఎప్పటికీ కుదరదు. నిలువు తీగల ఔటర్‌ని బ్రేకుకి మాత్రం పొరపాటున కూడా వేయకండి. గట్టిగా పట్టినప్పుడు పగిలి, బ్రేకే ఉండదు.

చిన్న గేర్లు సరిచేస్తే పెద్దవి చెడతాయి, పెద్దవి సరిచేస్తే చిన్నవి

హ్యాంగర్ (ఆర్‌డీని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) వంగింది. బైకు ఎప్పుడైనా కుడివైపుకి పడిందా, కారు డిక్కీలో ఆర్‌డీ కిందికి వచ్చేలా పడుకోబెట్టారా, గుర్తు చేసుకోండి. వెనక నిలబడి చూస్తే రెండు జాకీ చక్రాలు (ఆర్‌డీలో చైన్ నడిచే బుల్లి చక్రాలు) క్యాసెట్‌కి సమాంతరంగా కాక, కింది భాగం లోపలికి తిరిగి కనిపిస్తుంది. కొంచెమే వంగితే కంటికి దొరకదు, గేజ్ పెట్టాలి. రిమ్ చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే తేడా 4 మిల్లీమీటర్లు దాటకూడదు.

గేజ్ లేనివాళ్లకి ఒక కిటుకు. హ్యాంగర్ మరకి, మామూలు క్విక్ రిలీజ్ వెనక హబ్ ఇరుసు మరకి కొలత ఒకటే, 10 ఎంఎం వ్యాసం, 1 ఎంఎం పిచ్. ఆర్‌డీ విప్పేసి, పాత వెనక చక్రం ఒకటి తెచ్చి దాని ఇరుసుని హ్యాంగర్లోకి మర పట్టించండి. రెండు రిమ్ములూ పక్కపక్కన సమాంతరంగా ఉంటే హ్యాంగర్ తిన్నగా ఉన్నట్టు. లేకపోతే ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా వంచుకోవచ్చు. స్టీలు ఫ్రేముకి అతికి ఉన్న హ్యాంగరైతే భయపడక్కర్లేదు. అల్యూమినియందైతే ఒక్కసారి వంచొచ్చు, రెండోసారికి కొత్తది కొనుక్కోండి.

స్టాండు మీద అద్దంలా ఉంటుంది, ఎత్తు ఎక్కుతుంటే పిచ్చెక్కుతుంది

నేను ఈ వ్యాసం రాస్తున్నదే దీని కోసం. ఇది నన్ను మూడు వారాలు ఏడిపించింది.

నా స్టీలు బైకుకి షిమానో 105 ఆర్7000 పొడుగు కేజ్ ఆర్‌డీ, ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొన్న 11 స్పీడు రోడ్డు చక్రాలు. క్యాసెట్ 11-28 (చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 28) ఉండేది. ఎస్.కోట దాటాక అరకు ఘాట్ మొదలైతే మోకాళ్లు మొరాయిస్తున్నాయని 11-34 కొన్నాను. పాతది విప్పి, కొత్తది తొడిగి, లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే మర రింగు) బిగించాను. కటకటమని పళ్లు పట్టిన చప్పుడు వచ్చింది. టార్క్ రెంచ్ 40 న్యూటన్ మీటర్ల దగ్గర క్లిక్‌మంది. ఇండెక్సింగ్ చేశాను. స్టాండు మీద పదకొండు గేర్లూ వెన్నలా పడ్డాయి.

మర్నాడు సింహాచలం కొండ ఎక్కుతుంటే 34 మీద నుంచి చైన్ తనంతట తనే 30 మీదికి దిగింది. మళ్లీ ఎక్కింది. టిక్, టిక్ అని చప్పుడు. ఇంటికొచ్చి స్టాండు మీద పెడితే ఏమీ లేదు.

వైరు మార్చాను, ఔటర్ మార్చాను. హ్యాంగర్ చూపించడానికి ఒక షాపుకి తీసుకెళ్తే "కొంచెం ఉంది సార్" అని సరిచేసి డబ్బులు తీసుకున్నారు. తగ్గలేదు. కొత్త హ్యాంగర్ తెప్పించాను. చైన్ మార్చాను. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెడుతున్నానని అప్పుడు తెలీదు. చివరికి పెందుర్తి దగ్గర వెనక టైరు పంక్చరైంది. చక్రం ఒళ్లో పెట్టుకుని ట్యూబు లాగుతుంటే బొటనవేలు క్యాసెట్‌కి తగిలి "కటక్" మంది. ఇంకోసారి నొక్కాను. మళ్లీ కటక్. 40 న్యూటన్ మీటర్లకి బిగించిన క్యాసెట్ వదులు పంటిలా కదులుతోంది.

జరిగింది ఇదీ. షిమానో 11 స్పీడు రోడ్డు ఫ్రీహబ్ (హబ్‌లో క్యాసెట్ తొడిగే భాగం), 8/9/10 స్పీడు ఫ్రీహబ్ కంటే 1.85 మిల్లీమీటర్లు పొడుగు. కానీ 11-34 క్యాసెట్ (హెచ్‌జీ700, హెచ్‌జీ800 రకాలు) 11 స్పీడే అయినా, పొట్టి ఫ్రీహబ్ మీద కూడా పట్టేలా చేశారు. పెద్ద చక్రాన్ని స్పోకుల వైపుకి వాల్చేసి చోటు మిగిల్చారు. దాన్ని పొడుగు ఫ్రీహబ్ మీద వేస్తే వెనకాల 1.85 ఎంఎం స్పేసర్ (పల్చటి రింగు) పడాలి. లేకపోతే లాక్‌రింగ్ వెళ్లి చివరి చక్రానికి ఆనాల్సింది పోయి ఫ్రీహబ్ అంచుకి ఆనుతుంది. మీరు ఎంత బిగించినా అది ఫ్రీహబ్‌ని బిగిస్తుంది తప్ప క్యాసెట్‌ని కాదు. టార్క్ రెంచ్‌కి ఆ తేడా తెలీదు.

"11 క్యాసెట్, 11 హబ్, ఇంక స్పేసర్ ఎందుకు" అనుకోవడమే ఇందులో బోనులో చిక్కడం. క్యాసెట్ కదిలేది మిల్లీమీటరు లోపే. కానీ పక్కపక్క చక్రాల మధ్య దూరమే 4 మిల్లీమీటర్లు లేదు కదా, ఆ కాస్త కదలిక చాలు. స్టాండు మీద చైన్ లాగే బలం ఉండదు, అందుకే క్యాసెట్ బుద్ధిగా కూర్చుంటుంది. ఎత్తులో పెద్ద చక్రం మీద చైన్ వాలుగా పడి గట్టిగా లాగేసరికి మొత్తం పక్కకి ఒరుగుతుంది. అప్పుడు మీరు వైరుని ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం, గురి పెట్టాల్సిన లక్ష్యమే కదులుతుంటే.

నా స్పేసర్ క్యాసెట్ డబ్బాతోనే వచ్చింది. ప్యాకింగ్ ముక్క అనుకుని పక్కన పడేశాను. ఇంటికెళ్లి వెతికితే మా అమ్మాయి బొమ్మ చేతికి గాజుగా ఉంది.

పరీక్ష ఇలా చేయండి. చక్రం ఊడదీసి ఒళ్లో పెట్టుకోండి. అన్నిటికంటే చిన్న పళ్లచక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పడానికి చూడండి. పక్క చక్రంతో సంబంధం లేకుండా అదొక్కటీ కదిలితే క్యాసెట్ వదులే. పెద్ద చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఫ్రీహబ్ కూడా కొంచెం కదులుతుంది, అది బేరింగ్ ఆట, దానికి కంగారు పడకండి. చక్రాలు ఫ్రీహబ్ మీద విడిగా కదులుతున్నాయా అన్నదే చూడాలి.

లాక్‌రింగ్ విప్పాక ఇంకో రుజువు దొరుకుతుంది. చిన్న చక్రం తన చోట కూర్చున్నప్పుడు దాని ముఖం ఫ్రీహబ్ అంచు కంటే కొంచెం బయటికి ఉండాలి. అంచు పక్కన గోరు పెట్టి చూడండి. రెండూ సమంగా ఉన్నా, ఫ్రీహబ్ అంచే బయటికి ఉన్నా స్పేసర్ తప్పిపోయినట్టు.

సరిచేసేటప్పుడు స్పేసర్ స్పోకుల వైపు, పెద్ద చక్రం వెనకాల పడాలి. 8/9/10 స్పీడు క్యాసెట్‌ని 11 ఫ్రీహబ్ మీద వేసినా ఇదే 1.85. కొన్ని రోడ్డు 10 స్పీడు క్యాసెట్లకి ఇంకో 1 ఎంఎం స్పేసర్ వస్తుంది, అది కూడా కలిపి వేయాలి. ఇంకో గేర్ల కంపెనీ శ్రామ్‌వాళ్లకి కూడా ఈ అంకె ఉంది: ఎక్స్‌డీఆర్ ఫ్రీహబ్ మీద ఎక్స్‌డీ క్యాసెట్ వేస్తే 1.85. భయానికి రెండు స్పేసర్లు ఎక్కువ వేయడం ఇంకో ప్రమాదం. లాక్‌రింగ్ ఒకటి రెండు మరలే పట్టుకుని, బిగించేటప్పుడు మర మొత్తం ఊడిపోతుంది. అలా పాడైన ఫ్రీహబ్ ఒకటి నా డబ్బాలో పడి ఉంది.

విప్పినప్పుడు ఫ్రీహబ్ గాడులు కూడా చూడండి. నాది అల్యూమినియంది. మూడు వారాలు వదులుగా తిరిగిన చక్రాలు దాని గట్ల మీద కత్తితో గాటు పెట్టినట్టు మచ్చలు చేశాయి. చదునైన ఆకురాయితో లేచిన అంచులు మాత్రమే రుద్దేసి, పల్చగా గ్రీజు రాసి వేసుకోండి. గాట్లు లోతుగా ఉంటే క్యాసెట్ బయటికి రావడానికే మొండికేస్తుంది, చైన్ విప్‌తో (చైన్ ముక్క బిగించిన పిడి) ఒక్కో చక్రాన్నీ వెనక్కి తిప్పుతూ తీయాలి. స్పేసర్ వేశాక మొత్తం 1.85 బయటికి జరుగుతుంది కాబట్టి రెండు లిమిట్ స్క్రూలూ, ఇండెక్సింగూ కొత్తగా చేసుకోవాల్సిందే.

రెండు మూడు రోజులకోసారి బారెల్ తిప్పాల్సి వస్తోంది

షిఫ్టర్ లోపల, వైరు తల దగ్గర పోగులు తెగుతున్నాయి. కొత్త వైరు మొదటి వారంలో కొంచెం సర్దుకుంటుంది, అది మామూలే. ఏడాది పాతదైతే మాత్రం ఇంక ఆలోచించకుండా తీసేయండి. లోపలే తెగిందంటే ఆ తల ముక్కని పట్టకారుతో లాగడానికి ఆదివారం మొత్తం పోతుంది.

కొత్తగా కట్టిన బైకు, మొదటి రోజు నుంచీ కుదరలేదు

షిఫ్టరూ ఆర్‌డీ ఒకే ఇంటివి కావు. రెండిటి మీదా 10 స్పీడ్ అని రాసి ఉన్నంత మాత్రాన జత కాదు. షిమానో 10 స్పీడు ఎమ్‌టీబీ (మౌంటెన్ బైకు) ఆర్‌డీకి రోడ్డు 10 స్పీడు షిఫ్టర్ లాగే వైరు చాలదు. పాత 9 స్పీడు డియోర్ ఆర్‌డీ మాత్రం పాత 10 స్పీడు రోడ్డు షిఫ్టర్‌తో చక్కగా పనిచేస్తుంది. టియాగ్రా 4700 పేరుకి 10 స్పీడే, వైరు లాగుడు మాత్రం 11 స్పీడు లెక్క, దాన్ని పాత 10తో కలపకండి. ఇలాంటి బైకుని ట్యూనింగ్‌తో బాగుచేస్తానని ఎవరైనా అంటే డబ్బులు ఇవ్వకండి. ఏదో ఒక భాగం మార్చాల్సిందే.

మిగతావి

ఇరుసు విరగడం, ఫ్రేము వంకర, ఆర్‌డీ పివట్లు అరిగిపోవడం: పైవన్నీ అయ్యాక చూడండి, దాదాపు అవసరం రాదు. ఒక్కటి మాత్రం విప్పి శుభ్రం చేసేవాళ్లకి తరచూ జరుగుతుంది. జాకీ చక్రాలు రెండూ పైదీ కిందదీ తారుమారు అవుతాయి. షిమానోలో పైచక్రానికి కావాలనే కొంచెం పక్క ఆట పెడతారు, కిందదానికి ఉండదు. వేళ్లతో ఊపి, ఆట ఉన్నదాన్ని పైన పెట్టండి.