ఎపాక్సీ లామినేట్: హార్డెనర్ లెక్క నుంచి 175 డిగ్రీల క్యూర్ దాకా

గ్లాసు గుడ్డ పొరలను ఎపాక్సీ రెజిన్‌తో తడిపి, వేడితో గట్టిపరిచిన (క్యూర్ చేసిన) పలకే ఎపాక్సీ లామినేట్. పాలియెస్టర్ రెజిన్‌తో పనిచేసి వచ్చినవాళ్లు తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఓ చుక్క ఎక్కువ పోస్తారు. ఎపాక్సీలో ఆ పప్పులు ఉడకవు. ఇక్కడ హార్డెనర్ రెజిన్‌తో కలిసి అల్లికలో భాగమైపోతుంది. ఎక్కువైనా తక్కువైనా అల్లిక వదులుగా మిగిలి, వేడి తట్టుకునే గుణం పడిపోతుంది.

అందుకే ముందు లెక్క. రెజిన్ డబ్బా మీదో డేటాషీట్‌లోనో ఎపాక్సీ ఈక్వివలెంట్ వెయిట్ (ఒక మోల్ ఎపాక్సీ గ్రూపులు ఉండే రెజిన్ బరువు, గ్రాముల్లో) ఉంటుంది, 188 అనుకుందాం. డీఈటీడీఏ (డైఇథైల్ టోల్యూన్ డైఅమీన్) హార్డెనర్‌కు అణుభారం 178.3, చర్యలో పాల్గొనే హైడ్రోజన్లు 4. భాగిస్తే 44.6. దాన్ని 188తో భాగించి 100తో గుణిస్తే 23.7. అంటే 500 గ్రాముల రెజిన్‌కు 118.6 గ్రాములు. కిలో గ్లాసు గుడ్డతో ఫైబర్ ఘనపరిమాణం 50 శాతం రావాలంటే పలకలో మిగలాల్సిన మిశ్రమం 470 గ్రాములు. తక్కినది బ్లీడర్‌కు (అదనపు రెజిన్ పీల్చే గుడ్డకు), గిన్నెకు, బ్రష్‌కు పోతుంది.

రెజిన్‌ను 50–60 డిగ్రీలకు వేడిచేస్తే పల్చబడుతుంది. హార్డెనర్ పోసి, అంచులు గీకుతూ కలిపి, వేరే గిన్నెలోకి మార్చి మళ్లీ కలపండి. మొదటి గిన్నె గోడకు అంటుకున్నది సరిగా కలవదు, పలక మీద జిగట మచ్చలుగా తేలుతుంది. తర్వాత వాక్యూమ్‌లో బుడగలు తీసేయాలి. ఈ హార్డెనర్ ఆరోమాటిక్ అమీన్, ఒంటికి హానిచేసే రకం. నైట్రైల్ గ్లవ్స్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకుండా ముట్టుకోవద్దు.

పొరలు పరిచి, పీల్ ప్లై (తర్వాత ఒలిచేసే గుడ్డ), బ్లీడర్ వేసి వాక్యూమ్ బ్యాగ్ సీల్ చేశాక పంపు ఆపి గేజ్ చూడండి. ముల్లు జారుతుంటే ఓవెన్ వెలిగించకండి; రెజిన్ జెల్ అయ్యేలోగా (చిక్కబడి పారడం ఆగేలోగా) లోపలికి వచ్చిన గాలి అక్కడే ఉండిపోతుంది.

నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున 120కి తీసుకెళ్లి 2 గంటలు, ఆపై 175 దగ్గర 2 గంటలు. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) గాలిలో వేలాడకూడదు, పలక అంచున పొరల మధ్య ఉండాలి. బరువైన ఇనుప అచ్చు ఉంటే ఓవెన్ 120 చూపిస్తున్నా పలక ఇంకా చాలా వెనకే ఉంటుంది. రెండు గంటల లెక్క పలక 120 తాకాకే మొదలవ్వాలి.

సమయం మిగుల్చుకుందామని నేరుగా 175కి పోతే, పలుచని పలక బతికిపోవచ్చు. మందంగా ఉంటే చర్యలో పుట్టిన వేడి బయటికి పోలేక మధ్యభాగం ఓవెన్‌కన్నా వేడెక్కుతుంది. కోసి చూడండి: అంచులు తేనెరంగులో, నడుమ ముదురు గోధుమరంగులో, సన్నని పగుళ్లతో కనిపిస్తుంది. చల్లార్చడమూ నెమ్మదిగానే, 60 డిగ్రీల కిందికి దిగాకే బ్యాగ్ విప్పాలి.

క్యూర్ పూర్తయిందో లేదో డీఎస్‌సీ (నమూనాను వేడిచేస్తూ అందులోంచి వచ్చే ఉష్ణాన్ని కొలిచే పరీక్ష) చెబుతుంది. పలక ముక్క ఇంకా వదిలే ఉష్ణాన్ని, క్యూర్ కాని మిశ్రమం వదిలే మొత్తం ఉష్ణంతో భాగించి ఒకటిలోంచి తీసేయడమే. అయితే పలక ముక్కలో మూడింట రెండొంతుల బరువు గ్లాసుదే. దాన్ని తీసేసి రెజిన్ బరువు మీదే లెక్క కట్టకపోతే, సగం ఉడికిన పలక కూడా కాగితం మీద భేషుగ్గా కనిపిస్తుంది.