మందు మీద మందు: హోలీ నుంచి మిరుగు (మృగశిర కార్తె) దాకా జాగ్రత్త

"ఏం ఎక్కుతలేదురా, నీళ్లు తాగినట్టే ఉంది."

పోయినేడు మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచా దగ్గర మా చుట్టాల పెళ్లిలో మూడో గ్లాసు ఇప్పసారా దించి మా కాక అన్న మాట ఇది. కాక ఆరేళ్లుగా ఒలాంజపిన్ అనే మానసిక జబ్బు గోలీ వేసుకుంటున్నాడు. నాలుగో గ్లాసు పోసింది పరాయివాళ్లు కాదు, మేమే. పది నిమిషాలకు ఒంటేలుకని గబుక్కున లేచాడు, రెండడుగులు వేశాడో లేదో కళ్లు తిరిగి పందిరి గుంజకు నుదురు కొట్టుకుని పడ్డాడు. నాలుగు కుట్లు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండయినా లేవలేదు, గురక మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంటే నేనూ చిన్నమ్మా మంచం పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టాం. అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది, అక్కడే కూర్చోవడం మా తెలివితక్కువ.

మళ్లీ అదే కాలం వస్తోంది. హోలీకి భంగు, ఆ వెంటనే ఇప్పపూలు రాలడం, ఆ పూలతో సారా, దానికి తోడు పెళ్లిళ్లు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ (మద్యనిషేధం) ఉందంటారు, ఉంది కూడా, కానీ ఇప్పచెట్టుకు ఆ సంగతి తెలియదు కదా. ఇంటి సారాతో ఇంకో చిక్కు ఏంటంటే ఒక సీసా ఎంత ఘాటో, పక్క సీసా ఎంత ఘాటో కాచినవాడికీ తెలియదు.

అసలు ఎందుకు ఎక్కలేదు? ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజీన్, ఇలా పేర్లు వేరైనా ఈ గోలీలు ముఖ్యంగా చేసే పని ఒకటుంది. మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం వచ్చి కూర్చునే సీట్లను ముందే ఆపేస్తాయి, ఎస్టీ బస్సులో కిటికీలోంచి తువ్వాల వేసినట్టు. తాగుడులో వచ్చే ఆ హుషారు, ఆ కిక్కు కొంతవరకు డోపమైన్ పుణ్యమే కాబట్టి కొందరికి అది మొద్దుబారుతుంది, కొందరికి మామూలుగానే ఉంటుంది. అయితే మత్తు, బీపీ పడిపోవడం, ఊపిరి నెమ్మదించడం, ఇవి ఆ సీట్ల మీద కూర్చుని రావు, వేరే దారిన వస్తాయి. పైగా గోలీ కూడా మత్తే ఇస్తుంది, లేచి నిలబడితే బీపీ దించుతుంది, అంటే రెండూ కలిసి పని చేస్తాయి. మీటరు కదలడం లేదు, బండి మాత్రం ఎనభైలో పోతోంది. కిక్కు రాలేదని ఇంకో గ్లాసు పోయడమే అన్నిటికంటే పెద్ద తప్పు.

భంగు, గంజాయి సంగతి ఇంకోలా ఉంటుంది. అవి పట్టుకునే చోటే వేరు, గోలీ దాన్ని అడ్డుకోదు. చెవిలో మాటలు, లేనిపోని అనుమానాలు తగ్గి కుదుటపడ్డ మనిషికి అవే తిరిగి వచ్చేలా చేయగలవు. హోలీనాడు "పండగే కదా, కొంచెమే" అని భంగు కలిపిన తండాయి చేతిలో పెట్టే బావమరుదులు దయచేసి ఈ ఒక్క ఇంటిని వదిలేయండి.

ఇంకో సలహా ఇస్తుంటారు: "రెండ్రోజులు గోలీ ఆపు, అప్పుడు తాగితే ఏం కాదు." కాకకూ ఇచ్చారు. ఆపితే చాలామందిలో మొదట పోయేది నిద్ర, ఆ వెనకే పాత రోగం. రెండు మూడు వారాలకో నెలకో ఒకసారి ఇంజెక్షన్ తీసుకునేవాళ్లయితే ఆపడానికీ ఏం లేదు, ఆ మందు వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు బీడీ. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియని విషయం. బీడీ, సిగరెట్ పొగ లివర్‌ను తొందరపెట్టి ఒలాంజపిన్‌ను, అదే జాతి క్లోజపిన్ గోలీలను త్వరగా కరిగించేస్తుంది, ఒంట్లో మందు బాగా తగ్గిపోతుంది. ఆ పని చేసేది పొగ, నికోటిన్ కాదు, కాబట్టి పొగాకు, వక్క కలిపిన ఖర్రా నమిలితే ఈ తేడా రాదు. (ఖర్రాతో నోరు పాడవుతుంది, అది వేరే కథ.) పెళ్లింట్లో నాలుగు రోజులు కట్టలు కట్టలు కాల్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. దీనికి తిరగేసి కూడా ఉంది: కాల్చే మనిషి ఒక్కసారి మానేస్తే, లేదా ఆసుపత్రిలో పడి బీడీ దొరక్కపోతే, అదే డోసు ఎక్కువైపోతుంది. క్లోజపిన్‌తో ఇది ప్రమాదం. మానండి, కానీ ముందు డాక్టరుకు చెప్పి మానండి.

ఇక ఇంట్లో ఉండే మామూలు మందులు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకు లెవోడోపా ఇస్తారు, అది డోపమైన్‌గా మారి పని చేయాలి. సీట్ల మీద తువ్వాల ఉంటే ఎక్కడ కూర్చుంటుంది? అందుకే ఆ ముసలివాళ్లకు రాత్రిళ్లు అరుస్తున్నారని పక్కింటివాళ్ల హాలోపెరిడాల్ అరువు తెచ్చి వేస్తే కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. పెళ్లిభోజనం పడక వాంతులైతే షాపులో ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే జాతి, వాళ్లకు వద్దనాలి. షుగరు ఉన్నవాళ్లు: ఒలాంజపిన్, క్లోజపిన్ బరువునూ షుగరునూ పెంచుతాయి, నిన్నటిదాకా సరిపోయిన షుగరు గోలీ ఇవాళ చాలకపోవచ్చు, దానికి తోడు పెళ్లిలో బూందీ లడ్డూలు. మూర్ఛ ఉన్నవాళ్లకు రెండు వైపులా దెబ్బ: ఈ గోలీలు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని కాస్త పెంచుతాయి, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్ ఏమో వీటిలో చాలా గోలీల బలాన్ని దించేస్తుంది. మరీ అర్జెంటులో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ మీద కూడా కొన్నిటి ప్రభావం ఉంటుంది, బీపీ అనుకున్నట్టు పెరగకపోవచ్చు. పాము మందు పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడనప్పుడు ఆ ఇంజెక్షన్ వద్దనకండి, అది ప్రాణం నిలిపేది, ఫలానా గోలీ వేసుకుంటున్నాడని మాత్రం ముందే చెప్పండి.

ఎండ గురించి చెప్పకపోతే చంద్రాపూర్, బల్లార్షా వాళ్లు నవ్వుతారు. మేలో 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఈ గోలీలు ఒంటి వేడిని సర్దుకోనివ్వవు, వణుకు రాకుండా పక్కనే ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమట పట్టనివ్వదు. సారా ఒంట్లో నీళ్లు లాగేస్తుంది. మనసు ఊగిసలాటకు ఇచ్చే లిథియం కూడా వాడేవాళ్లకు నీళ్లు తగ్గితే ఆ మందే విషమవుతుంది, ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా మింగినా అంతే. మధ్యాహ్నం బరాత్‌లో డీజే ముందు నిలబెట్టకండి, మజ్జిగో అంబలో చేతికిచ్చి నీడన కూర్చోబెట్టండి. జ్వరం బాగా పెరిగి, ఒళ్లు కట్టెలా బిగిసి, మాట తికమకగా ఉంటే ఎండదెబ్బా, గోలీ వల్లనా అని ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. తాగి పడుకున్నవాడు లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా అంతే. బండి వచ్చేదాకా పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు.

చివరగా మన సరిహద్దు బతుకు గోల. ఒకసారి నాగపూర్, ఇంకోసారి వరంగల్, ఎటు బస్సు దొరికితే అటు. రెండు చీటీలు, రెండు కంపెనీల పేర్లు, లోపల ఒకటే మందు. కాక ఇలాగే ఇరవై రోజులు డబల్ డోసు మింగాడు, నిద్రమత్తు చూసి మేము ఎండ అనుకున్నాం. ఇప్పుడు ఆయన చొక్కా జేబులో పోస్టుకార్డంత అట్టముక్క ఉంటుంది, ఒకవైపు తెలుగు, ఒకవైపు మరాఠీ: అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, రోజుకు ఎన్ని బీడీలు. కంపెనీ పేరు రాయలేదు. అడుగున 14416 అని మానసిక జబ్బుల సలహాకు సర్కారు నడిపే టెలీ మానస్ నంబరు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు, డబ్బులు పడవు. బీడీల లెక్క దగ్గర కాక ఆరు అని రాయించాడు, చిన్నమ్మ పెన్ను తీసుకుని పదహారు చేసింది.