పాత కారు పాఠాలు – 6: చెడింది మీటరా, కేబులా?

పోయిన పాఠంలో వేగం చూపే మీటరుకు (స్పీడోమీటరుకు) గేర్‌బాక్సు నుంచి తిప్పుడు తెచ్చే కేబుల్ విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడం చెప్పినాను. ఈ వారం టైరు లెక్కతో మొదలుపెట్టాలనుకున్నా గానీ, వచ్చిన ఫోన్లు చూస్తే ముందు ఆ గ్రీజు పంచాయితీ తెగ్గొట్టక తప్పేట్టు లేదు.

ధర్మవరం పక్కనుంచి ఒకాయన, "సార్, మీరు చెప్పినట్టే గ్రీజు పెట్టినా. ముందు ముల్లు వణుకుతా ఉండె. ఇప్పుడు వణకదు గానీ, బండి ఇంటిముందర నిలిపినా నలభై కాడనే నిలబడుకొని ఉంటాది" అన్నాడు. ఆదోనిలో ఇంకొకరికి బండి కదిలీ కదలకముందే ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంటోంది. పులివెందుల నుంచి వచ్చిన ఫోటోలో మీటరు అద్దం లోపలే నూనె మరక. ముగ్గురిదీ ఒకటే రోగం: గ్రీజు పైకెక్కింది. నేను "రవ్వంత" అని రాసిన మాటను ముగ్గురూ "గుప్పెడంత" అని చదువుకున్నట్టున్నారు.

అది ఎట్లా ఎక్కుతుందో తెలిస్తే మళ్ళీ ఆ పని చెయ్యరు. లోపలి తీగ, అదే ఇన్నర్, ఒంటి ఊచ కాదు. సన్న ఉక్కు తీగలను పొరలు పొరలుగా చుట్టి చేసింది. వేలిగోరుతో గీకి చూడండి, మర మీద గాట్లు తగిలినట్టే తగులుతుంది. అది తిరుగుతున్నంతసేపూ ఆ గాట్లలోని గ్రీజు కొద్దికొద్దిగా మీటరు వైపు నడుస్తుంది. పైన ఏముంది? కేబుల్‌తో పాటు తిరిగే అయస్కాంతం, దానికి తగలకుండా పక్కనే ఒక అల్యూమినియం గిన్నె. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి కరెంటు పుట్టి, గిన్నె కూడా దాని వెంట తిరగాలని చూస్తుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ లాగుడులో గిన్నె ఎక్కడ ఆగితే ముల్లు అక్కడ ఉంటుంది. 1902లో జర్మనీలో ఓటో షుల్జె పేటెంటు తీసుకున్న పద్ధతే ఇది. ఇప్పుడు ఆ సన్నని సందులోకి గ్రీజు పోయిందనుకోండి. అయస్కాంతం గిన్నెను కరెంటుతో కాదు, జిగటతోనే ఈడ్చుకుపోతుంది. అందుకే ముల్లు ఎగిరిపోతుంది, దిగాలంటే మొరాయిస్తుంది.

కాబట్టి మళ్ళీ చెప్తున్నా. ఇన్నర్ పూర్తిగా బయటికి తీసి, గుడ్డతో పొడిగా తుడవండి. కిందివైపు నుంచి మూడింట రెండు వంతులకు మాత్రం వేళ్ళకంటిన గ్రీజు పూసినట్టు పూయండి. పైతొడుగులోకి, అదే ఔటర్‌లోకి, దూర్చినాక పైనుంచి జానెడు మళ్ళీ బయటికి లాగి, దానిమీద కనబడే గ్రీజంతా తుడిచేయండి. పై జానెడు పొడిగానే ఉండాలి. పొడిగా ఉంటే అరిగిపోదా అని అడగొద్దు, దానికి కావలసింది అదే నడుచుకుంటూ వస్తుంది. ఇంజనాయిల్ వద్దు, గ్రీజు దొరకలేదని కొబ్బరినూనె అసలే వద్దు. స్ప్రే డబ్బా గొట్టం మీటరు వెనక పెట్టి పిచికారీ కొట్టేవాళ్ళంటే నాకు గిట్టదు. ఆ పూటకు శబ్దం ఆగుతుంది, ఆరునెలలకు గిన్నె జిగురు పట్టుకుంటుంది. మీటరు వెనక కేబుల్ చేరేచోట కీచుమంటుంటే అక్కడి బుష్‌కు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టానికి, సూదిమొనతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలు.

ఇప్పటికే గ్రీజు ఎక్కించుకున్నవాళ్ళు ముల్లును చేత్తో వెనక్కి తొయ్యొద్దు, పీకొద్దు. స్ప్రింగు బిగువు తప్పితే ఆ మీటరు ఇక ఏ వేగమూ సరిగ్గా చూపదు. మీటరు విప్పి, వెనక రంధ్రం కిందికి ఉండేట్టు పట్టుకొని, కరెంటు సామాన్లు కడిగే కాంటాక్ట్ క్లీనర్ కొంచెం పట్టించి కారిపోనివ్వండి. రెండు మూడు దఫాలు చాలు. పెట్రోలు తగిలితే డయలు మీది అంకెలు లేచిపోతాయి. చెయ్యి వణికేవాళ్ళు మీటర్లు బాగుచేసేవాళ్ళ దగ్గరికే పోవడం మేలు.

సరే, అసలు పాఠం. కేబుల్ బండ్లకు నేను మొట్టమొదట చూసేది ముల్లు కాదు, కిలోమీటర్ల అంకెలు. రెంటికీ తిప్పుడు ఒకే కేబుల్ నుంచి వస్తుంది. అంకెలు పళ్ళచక్రాలతో తిరుగుతాయి, అయస్కాంతంతో వాటికి పనిలేదు. అంకెలు నడుస్తూ ముల్లు చచ్చిందా, కేబుల్ జోలికి పోవద్దు, తప్పు మీటరులోనే. ముల్లు నడుస్తూ అంకెలు ఆగినా అంతే. రెండూ ఆగితేనే కేబుల్ వైపూ, గేర్‌బాక్సు కాడ దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం, అదే పినియన్, వైపూ చూడాలి. ముల్లు వణికితే తొంభై పాళ్ళు ఇన్నర్ ఎండిపోవడమో, వంగడమో.

వంగిందో లేదో చూడ్డానికి ఇన్నర్‌ను చదునైన నేలమీద U ఆకారంలో పరవండి. కడప బండలు పరిచిన ఇల్లయితే ఇంకా మంచిది. ఒక కొసను వేళ్ళతో మెల్లగా తిప్పండి. బాగున్న తీగ నేలమీద కదలకుండా తనలో తాను తిరుగుతుంది. వంగింది ఒకచోట ఆగి, ఠప్‌మని పక్కకు దొర్లుతుంది. దాన్ని సరిచెయ్యాలని చూడొద్దు, కొత్తది వేయండి. బిగించేటప్పుడు ఎక్కడా ఆరంగుళాల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా మలపొద్దు. పైకొసలో ఇన్నర్ నలుపలకల మొన ఔటర్ నుంచి సుమారు సెంటీమీటరు బయటికి రావాలి.

రెండూ ఆగినప్పుడు కేబుల్‌ను మీటరు వెనక విప్పి చక్రం తిప్పి చూస్తారు కదా. రెండు చక్రాలూ జాకీ మీద లేపి ఒకటి తిప్పి, "మొన తిరగలేదు, పినియన్ పోయింది" అని గేర్‌బాక్సు దాకా పోయినవాళ్ళు ఉన్నారు. రెండూ గాలిలో ఉంటే, రెండు చక్రాలకూ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ పుణ్యమా అని రెండోది ఎదురుగా తిరిగి ఊరుకుంటుంది, పినియన్‌కు ఏమీ అందదు. ఒక్కటే లేపండి. మారుతి 800కు ముందుది, అంబాసిడర్‌కూ పద్మినికీ వెనకది. గేరు న్యూట్రల్, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం. వెనకది లేపితే హ్యాండ్‌బ్రేకు వదలాలి, అందుకే రాళ్ళు గట్టివి పెట్టండి. లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే బండి ఒక చుట్టు నడిచినట్టు లెక్క. మొన తిరిగితే తప్పు మీటరులో. తిరగకపోతే ఇన్నర్ లాగి చూడండి. సగం వస్తే తెగింది, మిగతా ముక్క కిందనుంచి తీయాలి. నిండుగా వస్తే పినియనో, దానిలో సరిగా కూర్చోని మొనో.

అంతా తిరుగుతూ వేగం మాత్రం తప్పు చూపితే ముందు టైరు చూడండి. 145/70 ఆర్12 అంటే వెడల్పు 145 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో నూటికి 70 పాళ్ళు, రిమ్ము 12 అంగుళాలు. ఆ టైరు వ్యాసం సుమారు 508 మి.మీ. గుజిరీ అంగట్లో చవగ్గా దొరికిందని 145/80 వేస్తే 537 అవుతుంది. మీటరు 60 చూపుతుంటే మీరు 63 దాటి పోతున్నారు. అంకెలూ అదే పాళ్ళలో తగ్గుతాయి, పది కిలోమీటర్లకు తొమ్మిదిన్నరే తిరుగుతాయి. అంకెలు సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే తప్పితే అది అయస్కాంతమో, స్ప్రింగో. ముల్లు కొంచెం ఎక్కువ చూపడం మాత్రం రోగం కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వదాని ప్రకారం అసలు వేగం 80 అయితే మీటరు 92 దాకా చూపొచ్చు, 80కి తక్కువ మాత్రం చూపకూడదు.

అభ్యాసాలు రెండు. మొదటిది గుత్తి, అనంతపురం మధ్య 44వ నంబరు హైవే మీద, పొద్దున్నే. పక్కన ఒకర్ని కూర్చోబెట్టి గడియారం వాళ్ళకివ్వండి. ముల్లు 50 దగ్గర నిలిపితే రాయికీ రాయికీ 72 సెకన్లు పట్టాలి, 60 దగ్గర సరిగ్గా 60. పది రాళ్ళకు అంకెలు ఎంత తిరిగాయో రాసుకోండి.

రెండోదానికి ఒళ్ళు వంచాలి. చదునైన చోట సుద్దతో 20 మీటర్లు గీయండి. కేబుల్ పైకొస విప్పి, మొనకు కాగితపు జెండా అంటించండి. ఒకరు బండి తోస్తే మీరు జెండా చుట్లు లెక్కపెట్టండి, పావు చుట్టు కూడా వదలొద్దు. వచ్చినదాన్ని 50తో గుణిస్తే కిలోమీటరుకు ఎన్ని చుట్లో తేలుతుంది. 60 వేగంలో బండి నిమిషానికి కిలోమీటరు పోతుంది కాబట్టి ఆ వేగంలో కేబుల్ నిమిషానికి తిరిగే చుట్లూ అవే. జపాన్ ప్రమాణం మీటర్లకు ఇది 637, అంటే 20 మీటర్లకు పన్నెండుముప్పావు చుట్లు రావాలి. మైలుకు వెయ్యి చుట్ల మీటరైతే పన్నెండున్నరకు ఒక పిసరు తక్కువ. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి తోయండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఆ సంఖ్య కాగితం మీద రాసి గ్లవ్‌బాక్సులో పెట్టుకోండి, పినియన్ పళ్ళు ఎంచుకునే పాఠంలో అడుగుతాను.