సైకాలజిస్టు అర్హతను ఎలా పరిశీలించాలి: సంఘ సభ్యత్వం వేరు, నమోదు వేరు

పిల్లవాడు చదువులో వెనుకబడ్డాడనో, ఇంట్లో ఒకరు నెలల తరబడి నిద్రపట్టక కుంగిపోతున్నారనో సైకాలజిస్టు దగ్గరకు వెళ్లేవారు, అక్కడి గోడకు వేలాడే సర్టిఫికెట్లలో దేని విలువ ఎంతో తెలుసుకుని వెళ్లడం మంచిది. జాతీయ వృత్తి సంఘంలో సభ్యత్వం ఒక ఎత్తు, వృత్తి చేసుకోవడానికి చట్టం ఇచ్చే అనుమతి మరొక ఎత్తు.

మొదట చూడవలసింది నమోదు. 1992 నాటి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు, అంటే మానసిక రుగ్మతలను పరీక్షించి మందులు లేకుండా చికిత్స చేసే నిపుణుడి పేరు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నిర్వహించే కేంద్ర రిజిస్టరులో ఉండాలి. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ జరిమానా ఎవరినీ భయపెట్టేంత పెద్దది కాదు కనుక, పరిశీలించుకునే బాధ్యత కొంత మన మీదే పడుతుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే నమోదు సంఖ్య అడిగి, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు, కోర్సు, గడువు సరిచూసుకోండి. అడగడం అమర్యాద కాదు. అర్హత ఉన్నవారు సంకోచించకుండా చెబుతారు.

మా బంధువుల అబ్బాయికి చేయించిన ఐక్యూ పరీక్ష రిపోర్టులో సంతకం ఉంది, ముద్ర ఉంది, కానీ వాటి కింద నమోదు సంఖ్య లేదు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో ఆ కాగితాన్ని పక్కన పెట్టి, పరీక్ష మళ్లీ చేయించుకు రమ్మన్నారు. ఆ తల్లి రెండోసారి సెలవు పెట్టి, బస్సు ఛార్జీలు పెట్టుకుని రావలసి వచ్చింది. అందుకే రిపోర్టు చేతికి అందిన వెంటనే, అక్కడే నిలబడి, సంతకం కింది భాగం చూసుకోండి.

ఇక సంఘం సంగతి. 1968లో ఏర్పడిన భారతీయ క్లినికల్ సైకాలజిస్టుల సంఘం, అంటే ఐఏసీపీ, వార్షిక సదస్సులు జరుపుతుంది, పరిశోధన పత్రిక వెలువరిస్తుంది, సభ్యులు పాటించవలసిన నైతిక నియమావళిని నిర్దేశిస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఈ నియమావళే, ఎందుకంటే గదిలో చెప్పుకున్న మాట బయటకు పొక్కకూడదన్న నియమాన్ని చట్టం ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటే, రోజువారీ వృత్తిలో దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో సాటి నిపుణులే ఒకరికొకరు నేర్పుకోవాలి. అయితే సంఘం సభ్యత్వాన్ని మాత్రమే తొలగించగలదు. రిజిస్టరు నుంచి పేరు తీసివేసే అధికారం ఆర్‌సీఐది.

కౌన్సెలింగ్ సైకాలజిస్టుల విషయం వేరు. క్లినికల్ సైకాలజిస్టులు కాని సైకాలజిస్టులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తారు. వారిని ఎక్కడ చదివారో, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారో, ఏ సంఘంలో సభ్యులో అడగాలి. మందులు రాయడం మాత్రం సైకియాట్రిస్టు పని; సైకాలజిస్టు మందులు రాస్తే అక్కడితో ఆపేయండి.

ఫిర్యాదు చేయవలసి వస్తే తేదీలు, రసీదులు, రిపోర్టు నకలు జతచేసి, జరిగినది జరిగినట్టు రాసి, ఒక ప్రతి ఆర్‌సీఐకి, ఆ వ్యక్తి సభ్యులైతే మరొకటి సంఘానికి పంపండి. ప్రాణాపాయం కనిపిస్తుంటే మాత్రం ఈ పరిశీలనలేవీ పెట్టుకోకుండా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి, లేదా రాత్రీపగలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.