కొత్త పెట్టను ఒక్కదాన్నే తేవద్దు

సంతలో పెట్ట నచ్చిందని ఒక్కదాన్నే తెచ్చి పాత కోళ్లలో వదిలేస్తే, దాన్ని తరిమి తరిమి పొడుస్తాయి. కోళ్లకు ఒక వరస ఉంటుంది: ఎవరు ఎవరిని పొడవచ్చో వాటికి తెలుసు. దీన్ని 1921లోనే నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె రాశాడు. కావలి దగ్గర మా పెరట్లో అయితే బోసిమెడ పెట్టదే పెత్తనం. నూకలు చల్లితే ముందు అది తినాలి, పుంజు కూడా పక్కకు జరుగుతుంది!

అందుకే రెండు పెట్టల్ని కలిపి తెచ్చుకోండి. ముందు రెండు మూడు వారాలు దూరంగా వేరే చోట ఉంచండి, కొక్కెర తెగులు లాంటివి ఉంటే బయటపడతాయి. తర్వాత ఒక వారం పాత కోళ్లకు కనపడేట్టు వల అవతల పెట్టండి. చూసి చూసి అలవాటవుతాయి. ఆ తర్వాత చీకటి పడ్డాక గూట్లోకి వదలండి. పొద్దున కాస్త గొడవ ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. మేత, నీళ్లు మాత్రం రెండు మూడు చోట్ల పెట్టాలి. లేకపోతే కింది వరసది ఆకలితో చిక్కిపోతుంది, మన ఎండల్లో నీళ్లు అందకపోతే ఇంకా ప్రమాదం.

రక్తం కనిపిస్తే ఆగొద్దు. ఎరుపు చూస్తే మిగతావీ వచ్చి అక్కడే పొడుస్తాయి. దెబ్బ తగిలినదాన్ని వెంటనే విడిగా గంప కింద పెట్టి, మానాకే కలపండి. ఒకటే పెట్ట మరీ రౌడీలా ఉంటే దాన్నే నాలుగు రోజులు వేరుగా ఉంచండి. తిరిగి వచ్చేసరికి దాని స్థానం కదిలిపోయి ఉంటుంది. మా బోసిమెడ అయితే వారం పాటు బుద్ధిగా ఉంది, తర్వాత మళ్లీ మామూలే.