స్కూల్ నీళ్ళల్లో సీసం ఉందో లేదో టెస్ట్ చేయించాలంటే: కిటుకంతా శాంపిల్ పట్టడంలోనే

ముందు ఆ టీడీఎస్ మీటర్ పక్కన పెట్టేయండి. స్కూల్లో నీళ్ళ సంగతి ఎవరైనా అడిగితే ఫస్ట్ చేసేది అదే, పెన్నులాంటిది గ్లాసులో ముంచి "చూడండి సార్, 120 ఉంది, బ్రహ్మాండమైన నీళ్ళు" అంటారు. నీళ్ళల్లో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతున్నాయో అంచనా వేసి చెప్పడమే దాని పని, సీసం ఉందో లేదో దానికి తెలీదు. లెక్క చూడండి: సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 మిల్లీగ్రాము. మీటర్ మీద 120 అంటే లీటరుకి 120 మిల్లీగ్రాములు. ఆ 120లో సీసం హద్దుకి పదింతలు కలిసినా 0.1 మాత్రమే, స్క్రీన్ మీద అంకె కదలదు. పైగా సీసానికి నీళ్ళల్లో రంగుండదు, రుచుండదు, వాసనుండదు, కాబట్టి చూసి, తాగి చెప్పేది కాదిది, ల్యాబ్‌కి పంపాల్సిందే.

ల్యాబ్‌కి పంపడం తేలికే అండీ. శాంపిల్ పట్టడం దగ్గరే అందరం బోల్తా పడతాం, నేనూ పడ్డాను. మొదటిసారి మా వాడి స్కూల్లో నేనూ, సైన్స్ సారూ పొద్దున ఏడింటికే సీసాలు పట్టుకుని వెళ్ళాం, రాత్రంతా పైపులో నిలవున్న నీళ్ళు పట్టాలని. పట్టాం, పంపాం, రిపోర్టులో అన్నీ క్లీన్, సంబరపడ్డాం. తీరా తర్వాత మాటల్లో తెలిసిందేంటంటే ఆయమ్మ అయిదున్నరకే వచ్చి అవే కొళాయిల్లో బకెట్లు నింపుకుని వరండా అంతా కడిగేసిందట, అంటే నిలవ నీళ్ళన్నీ వరండా మీద పోయాయి, మేం పట్టింది తాజా నీళ్ళు. పాపం ఆవిడ తప్పేముంది, మేం చెప్పలేదు కదా. రెండోసారి ముందురోజు సాయంత్రమే ప్రతి కొళాయికీ "రేపు ఉదయం వరకు తిప్పొద్దు" అని కాగితం చుట్టి టేపు వేశాం, వాచ్‌మన్‌కి, ఆయమ్మకి విడివిడిగా చెప్పాం, కడగడానికి నీళ్ళు ముందే డ్రమ్ములో పట్టి పెట్టాం. అప్పుడు ఒక కొళాయి హద్దు దాటేసింది, అదీ చిన్నపిల్లలు బాటిళ్ళు నింపుకునేది.

ఎందుకిలా అంటే, సీసం మామూలుగా నదిలోనుంచో చెరువులోనుంచో రాదు, బిల్డింగ్ లోపల నీళ్ళు తగిలే సామాను నుంచి వస్తుంది. పాతకాలపు సీసం పైపులు, రాగి పైపుల జాయింట్ల దగ్గర వేసిన టంకం, ఇత్తడి కొళాయిలు, వాల్వులు, తుప్పు పట్టిన పాత జిఐ పైపులు, సీసం కలిపి తయారుచేసిన కొన్ని పీవీసీ పైపులు, చేతిపంపుల్లో ఉండే ఇత్తడి భాగాలు, ఇవన్నీ అనుమానించాల్సినవే. అసలు ప్లంబర్ అనే మాటే లాటిన్‌లో సీసాన్ని పిలిచే ప్లంబమ్ నుంచి వచ్చింది, అంత పాత చుట్టరికం. నీళ్ళు ఆ లోహాన్ని తాకుతూ ఎంతసేపు కదలకుండా ఉంటే అంత సీసం దిగుతుంది, వేడి నీళ్ళయితే ఇంకా ఎక్కువ, కాస్త ఆమ్లగుణం ఉన్నా, ఖనిజాలు తక్కువున్నా ఎక్కువే. అందుకే పక్కపక్కనున్న రెండు కొళాయిల్లో ఒకటి క్లీన్‌గా, ఇంకోటి దారుణంగా రావచ్చు. ట్యాంకులోంచి ఒక సీసా పట్టి "స్కూల్ నీళ్ళు టెస్ట్ చేయించాం" అనుకోవడం కుదరదు.

ఆర్‌ఓ ఉందిగా అంటారు. ఆర్‌ఓ సీసాన్ని బాగానే తీసేస్తుంది, కానీ మిషన్ నుంచి కొళాయి దాకా మధ్యలో ఏముందో చూడండి. ఖనిజాలు తీసేసిన నీళ్ళు లోహాన్ని ఇంకా ఎక్కువ తినేస్తాయి, మిషన్ తర్వాత ఇత్తడి కొళాయి పెట్టి రాత్రంతా అందులో నీళ్ళు నిలవుంచితే తీసిన సీసాన్ని మళ్ళీ కలిపినట్టే. కాబట్టి శాంపిల్ పిల్లాడు గ్లాసు పెట్టే చోటే పట్టాలి.

సరే, పనిలోకి దిగుదాం. మొదట కాగితం, పెన్ను తీసుకుని స్కూలంతా ఒక రౌండ్ వెయ్యండి, ప్లంబర్‌నో, బిల్డింగ్ గురించి తెలిసిన పాత అటెండర్‌నో వెంటబెట్టుకుంటే ఇంకా మంచిది. నీళ్ళు లోపలికి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ట్యాంకు నుంచి ఏ పైపు ఎటు పోతోంది, మధ్యలో ఎప్పుడైనా రిపేరు చేసి కొత్త ముక్క అతికించారా, ఇవి గీసుకోండి. తర్వాత తాగడానికి, వంటకి వాడే ప్రతి కొళాయికీ ఒక నంబర్ ఇవ్వండి. వాటర్ కూలర్లు, వంటగది కొళాయి, బాటిళ్ళు నింపుకునేవి, స్టాఫ్ రూమ్‌ది, అన్నీ. బాత్రూమ్ కొళాయి కూడా పిల్లలు దోసిలి పట్టి తాగుతున్నారేమో ఇంటర్వెల్‌లో ఒకసారి నిలబడి చూడండి, తాగుతుంటే అదీ లిస్టులోకే. డబ్బులు చాలక కొన్నే చేయించగలిగితే చిన్న క్లాసుల వాళ్ళు తాగేవీ, వంటకి వాడేవీ ముందు. ఒకే మోతాదు సీసం మింగినా పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంట్లోకి 4 నుంచి 5 రెట్లు ఎక్కువ ఎక్కుతుంది, దెబ్బ కూడా ఎదుగుతున్న మెదడు మీదే.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. నీళ్ళు కనీసం 8 గంటలు కదలకుండా ఉండాలి, 18 గంటలు దాటకూడదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్కూళ్ళకిచ్చిన పద్ధతి ఇదే, నాకు నచ్చిందీ ఇదే, ఎందుకంటే స్కూల్లో మామూలు రాత్రి ఎలా గడుస్తుందో అలాగే ఉంటుంది. సోమవారం పొద్దున వద్దు, ఆదివారమంతా నిలవున్న నీళ్ళవి. సెలవుల తర్వాత మొదటి రోజు అసలే వద్దు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏదో ఒక మామూలు రోజు, పిల్లలు రాకముందు పెట్టుకోండి.

సీసాలు ల్యాబ్ దగ్గరే తీసుకోండి. (సీసం పట్టడానికి సీసా, మన భాష ముందే ఊహించినట్టుంది.) 250 మిల్లీలీటర్లది, వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా అడగండి. కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి వాడేద్దాం అనుకోకండి. ల్యాబ్ ఇచ్చిన సీసాని కూడా కడగొద్దు, కొన్నిట్లో ముందే యాసిడ్ చుక్కలు వేసి ఇస్తారు. 250 మాత్రమే ఎందుకంటే, అర అంగుళం పైపులో మీటరుకి సుమారు 130 మిల్లీలీటర్లు పడతాయి, అంటే పావు లీటరు పట్టామంటే కొళాయి, దాని వెనక ఓ రెండు మీటర్ల పైపు, అంతవరకే చూశామన్నమాట. లీటరు సీసా పడితే కొళాయిలో దిగిన సీసం వెనకనుంచొచ్చే నీళ్ళతో కలిసి పలచబడిపోతుంది, అంకె తక్కువొస్తుంది, అసలు దొంగ తప్పించుకుంటాడు.

ఇప్పుడు అసలు ఘట్టం. కొళాయి దగ్గరికెళ్ళి కాగితం అలాగే ఉందో లేదో చూసి, తీసి, సీసా మూత విప్పండి. మూత లోపలివైపు వేలు తగలనీయొద్దు, కింద పెట్టొద్దు, ఇంకో చేత్తో పట్టుకోండి. కొళాయి మూతికి జాలీ ఉంటే విప్పొద్దు, తుడవొద్దు. కొళాయి తిప్పకముందే సీసా కింద పెట్టేసి, పిల్లలు ఎలా తిప్పుతారో అంత ధారగా ఒక్కసారి తిప్పండి, మొట్టమొదటి చుక్క నుంచీ సీసాలోనే పడాలి. సన్నగా, జాగ్రత్తగా పట్టారంటే పైపు గోడలకి అంటుకున్న సీసం పొట్టు ఊడి రాదు, రోజూ పిల్లలు తాగే నీళ్ళలో అది వస్తూనే ఉంటుంది. వేడి నీళ్ళు కూడా వచ్చే కొళాయి అయితే చల్లనీళ్ళ వైపే పట్టాలి. గీత దాకా నిండగానే ఆపేసి, మూత బిగించి, నంబరు, తేదీ, టైము అక్కడే రాసేయండి, బల్ల దగ్గరికెళ్ళి రాద్దామనుకుంటే ఏ సీసా ఏదో మర్చిపోతారు, గ్యారంటీ.

జాలీ, ధార గురించి ఇంత చాదస్తంగా ఎందుకు చెప్తున్నానంటే దీని వెనక పెద్ద కథుంది. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో 2014 ఏప్రిల్‌లో నీళ్ళు ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టి, పైపుల్ని తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు, సీసం ఇళ్ళల్లోకి దిగింది. అక్కడ శాంపిల్ పట్టడానికి జనానికిచ్చిన సూచనల్లో ముందురోజు కొళాయి కాసేపు వదిలేయమని కూడా ఉంది, అలా చేస్తే అంకెలు సహజంగానే తగ్గుతాయి. ఆ గొడవంతా అయ్యాక 2016 ఫిబ్రవరిలో ఈపీఏ గట్టిగా చెప్పింది: ముందుగా నీళ్ళు వదలొద్దు, జాలీ తీయొద్దు, వెడల్పు మూతి సీసాలే వాడాలి అని.

వరస కూడా చూసుకోండి. నీళ్ళు బిల్డింగ్‌లోకి వచ్చే చోటుకి, లేదా ట్యాంకు నుంచి దిగే పైపుకి, దగ్గరున్న కొళాయితో మొదలుపెట్టి దూరం వెళ్ళాలి. దూరందాన్ని ముందు తిప్పితే దారిలో ఉన్న నీళ్ళన్నీ కదిలిపోతాయి, మిగతా శాంపిళ్ళు పాడు. ఇద్దరుంటే హాయి, ఒకరు పట్టడానికి, ఒకరు రాయడానికి.

కూలర్ అయితే అదే పద్ధతి, కాకపోతే లోపల ట్యాంకు, దాని జాయింట్లు కూడా అనుమానితులే. అమెరికాలో 1988లో సీసం పూత ట్యాంకులున్న కూలర్ల మీద ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు.

ఇంకో చిన్న జాగ్రత్త, ఒక సీసాలో ల్యాబ్ ఇచ్చిన శుద్ధమైన నీళ్ళు పోసి, వేరే నంబర్ వేసి మిగతావాటితో పాటే పంపండి. దాంట్లో కూడా సీసం కనపడిందంటే సీసాల్లోనో, ల్యాబ్‌లోనో తేడా ఉన్నట్టు.

ల్యాబ్‌ని అడగాల్సినవి మూడే. ఐఎస్ఓ 17025 (టెస్టింగ్ ల్యాబ్‌లకి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉందా, అది సీసం టెస్టుకి వర్తిస్తుందా. ఏ మిషన్ మీద చేస్తారు, అతి తక్కువ లోహాన్ని కూడా పట్టే ఐసీపీ-ఎంఎస్ అయితే మంచిది. ఎంత తక్కువ దాకా కొలవగలరు. ఈ మూడోది చాలామంది అడగరు. రిపోర్టులో "బీడీఎల్" అని రాసిస్తారు, అంటే మా మిషన్ పట్టగలిగే దానికంటే తక్కువుంది అని. ఆ మిషన్ లీటరుకి 0.05 మిల్లీగ్రాము కంటే కిందది పట్టలేకపోతే హద్దుకి నాలుగింతలున్న నీళ్ళకి కూడా బీడీఎల్ అనే వస్తుంది, మనం గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటాం. లీటరుకి 1 మైక్రోగ్రాము దాకా చూడగలగాలి. రంగు మారే స్ట్రిప్పుల మీద కూడా నాకు నమ్మకం లేదు, కరగని పొట్టు రూపంలో ఉన్న సీసాన్ని అవి పట్టుకోవడం కష్టం, "లేదు" అని వస్తే దాన్ని నమ్మి వదిలేయకండి.

రిపోర్ట్ చదివేటప్పుడు యూనిట్ దగ్గర ఆగండి. పీపీబీ అన్నా లీటరుకి మైక్రోగ్రాము అన్నా ఒకటే, మిల్లీగ్రాములో ఇస్తే వెయ్యితో గుణించండి. హద్దులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థది 10, భారత ప్రమాణం ఐఎస్ 10500లో కూడా 0.01 మిల్లీగ్రామే, దానికి సడలింపు లేదు. అమెరికాలో 15, దాన్ని 2027 నవంబర్ నుంచి 10కి దించాలని 2024లో రూల్ పెట్టారు. యూరప్ 2036కల్లా 5కి రావాలంటోంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే 2016లోనే స్కూల్ కొళాయిల్లో 1 దాటకూడదంది. ఇంత తేడా ఎందుకంటే ఇంతవరకూ పర్లేదు అని చెప్పగలిగే సీసం మోతాదంటూ తెలీదు, హద్దులన్నీ చేయగలిగేదాన్ని బట్టి పెట్టుకున్నవే. నా మటుకు నేను 9 వస్తే పాస్ అనుకోను.

ఎక్కువొచ్చిన కొళాయికి ఇంకో రోజు రెండో శాంపిల్ పట్టాలి. రాత్రంతా నిలవుంచి, ఈసారి 30 సెకన్లు వదిలేసి తర్వాత 250 పట్టండి. మొదటిది ఎక్కువ, ఇది తక్కువ అయితే తప్పు కొళాయిదో, దాని వెనకున్న జాయింట్‌దో. రెండూ ఎక్కువైతే వెనక గోడలో పైపులు చూడాలి. రెండోది మొదటిదానికంటే ఎక్కువొచ్చినా అంతే, కొళాయి మార్చి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

ఈలోపు ఆ కొళాయి నీళ్ళు తాగడం, వంటకి వాడడం అదే రోజు ఆపేయండి, రెండో టెస్ట్ దాకా ఆగక్కర్లేదు. చేతులు కడుక్కోడానికి వాడుకోవచ్చు, చర్మంలోంచి అంతగా ఎక్కదు, కానీ చదవడం రాని పిల్లలు కూడా ఉంటారు కాబట్టి తాగొద్దని బొమ్మ గీసి పెట్టండి. కాచి తాగుదాం అంటారు ఎవరో ఒకరు, తప్పకుండా అంటారు. కాస్తే సీసం పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పొద్దున్నే కొళాయిలు కాసేపు వదలడం కొంత పనిచేస్తుంది గానీ, రోజూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చెయ్యాలి, నేను దాని మీద ఆధారపడను. ఫిల్టర్ పెడితే సీసం తీస్తుందని సర్టిఫికేట్ ఉన్నదే కొనండి, కార్ట్రిడ్జ్ మార్చాల్సిన తేదీ గోడ మీదే రాయండి. తల్లిదండ్రులకి అంకెలతో సహా చెప్పేయండి, దాచితే తర్వాత ఇంకా పెద్ద గొడవ, భయపడేవాళ్ళు డాక్టర్ని కలిసి పిల్లల రక్తంలో సీసం చూపించుకుంటారు, నీళ్ళు మంచివో కాదో చెప్పినంత మాత్రాన పిల్లాడి ఒంట్లో ఎంతుందో తెలీదు.

కొళాయి మార్చారా, కొత్తది కదా అని టేపు పీకేసి వాడకానికి వదిలేయకండి. కొత్త ఇత్తడి మొదట్లో ఇంకా ఎక్కువే వదలొచ్చు, పైగా పని చేస్తున్నప్పుడు పైపులో పాత పొట్టు కదిలి జాలీలో ఇరుక్కుంటుంది. జాలీ విప్పి కడిగి, కొన్ని వారాలు నీళ్ళు బాగా పోనిచ్చి, మళ్ళీ ఒక సాయంత్రం దానికి కాగితం చుట్టి, ఆయమ్మకి ఇంకోసారి చెప్పి, పొద్దున్నే ఇంకో సీసా పట్టండి.