ఒక్క బస్తా ముందు పెట్టుకుని బ్రెగ్జిట్ ఒప్పందం చదవండి

మా పిన్ని కొడుకు గుంటూరులో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, బ్రెగ్జిట్ షరతులు బ్రిటన్‌కు లాభమా నష్టమా, ఎలా తేల్చాలి? ప్రాజెక్టు రాయాలి" అన్నాడు. నేను బర్మింగ్‌హామ్ దగ్గర ఒక గోడౌన్‌లో కస్టమ్స్ కాగితాలు చూస్తాను. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడమే బ్రెగ్జిట్; దాని మీద 2016 జూన్‌లో ఓటింగ్ జరిగినప్పుడూ ఇదే పని. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ కాగితం చదువుతున్నారో చూసుకోండి. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఇల్లు, పొలం, అప్పులు పంచుకునే కాగితం ఒకటి రాసుకుంటారు. ఒకరి గట్టు మీదుగా ఇంకొకరి బండి వెళ్లొచ్చా, బోరు నీళ్లు ఎవరెప్పుడు పెట్టుకోవాలి అన్నది వేరే మాట. ఇక్కడా అంతే, రెండున్నాయి. మొదటిది విత్‌డ్రాయల్ అగ్రిమెంట్: బ్రిటన్ కట్టాల్సిన బాకీ, అటూ ఇటూ స్థిరపడిన మనుషుల హక్కులు, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌కూ యూనియన్‌లో ఉన్న ఐర్లాండ్‌కూ మధ్య సరిహద్దు సంగతి. దీంతోనే 2020 జనవరి 31న బయటికొచ్చారు. రెండోది ట్రేడ్ అండ్ కోఆపరేషన్ అగ్రిమెంట్: ఇకమీదట అటూ ఇటూ వ్యాపారం ఎలా జరగాలన్నది. ఇది 2020 డిసెంబర్ 24న కుదిరి, 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన పాత ఒప్పందం ఉంది, 2019లో పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. నెట్‌లో దొరికే వ్యాసాల్లో దాని మీద రాసినవీ ఉంటాయి, తేదీ చూసి చదవండి.

బాకీ దగ్గర అంకె కోసం వెతకొద్దు. 39 బిలియన్ పౌండ్లని అప్పట్లో అందరూ అన్నది అంచనా మాత్రమే. ఒప్పందంలో ఉన్నది లెక్కగట్టే పద్ధతి: సభ్యదేశంగా ఉన్నప్పుడు ఒప్పుకున్న ఖర్చుల్లో బ్రిటన్ వాటా ఎంతో అంత. మనుషుల హక్కుల దగ్గర రెండు తేదీలు రాసుకుంటే చాలు. 2020 డిసెంబర్ 31 లోపు బ్రిటన్‌కు వచ్చి ఉంటున్న యూరప్‌వాళ్లకు పాత హక్కులు ఉంటాయి, అందుకు దరఖాస్తు గడువు 2021 జూన్ 30తో ముగిసింది.

ఇప్పుడు అసలు పని. ఒప్పందం కుదిరిన రోజు టీవీలో పదే పదే వినపడింది "సుంకాలు లేవు, కోటాలు లేవు" అన్న మాట. ఆ మాట పక్కన పెట్టి, ఒక్క సరుకు తీసుకోండి. నేనైతే సోనా మసూరి బస్తా తీసుకుంటాను.

ఆ బియ్యం మన దగ్గర పండింది. ఓడలో ఇక్కడికొచ్చింది, సుంకం కట్టాం. గోడౌన్‌లో అయిదేసి కిలోల సంచుల్లో నింపి, లేబుల్ కొట్టి, హోలీహెడ్ రేవు మీదుగా ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో మన దుకాణాలకు పంపేవాళ్లం. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ ఒకసారి సుంకం కట్టిన సరుకు ఎక్కడికైనా పోయేది, మళ్లీ ఎవరూ అడిగేవారు కాదు. 2021 జనవరి రెండో వారంలో ఒక లారీ వెళ్లింది. అందులో ఇక్కడే తయారైన బిస్కెట్లూ, ఈ బియ్యమూ కలిపి ఉన్నాయి. ఇన్‌వాయిస్ కింద సరుకంతా బ్రిటన్‌దేనని ఒకే వాక్యం రాశాను. డబ్లిన్‌లో ఆపి ఒకే ప్రశ్న వేశారు: ఈ బియ్యం ఎక్కడ పండింది? రెండు రోజులు లారీ అక్కడే ఉంది. డ్రైవర్ గంటగంటకీ ఫోన్ చేస్తుంటే నాకు టెన్షన్‌తో అన్నం సహించలేదు.

తప్పు నాదే. సున్నా సుంకం రేవు దాటే ప్రతి సరుకుకీ కాదు, బ్రిటన్‌లోనో యూరప్‌లోనో పుట్టిన సరుకుకే. సంచిలో నింపడం, లేబుల్ వేయడం, చివరికి బియ్యం పాలిష్ పట్టినా సరే, పుట్టుక మారదు. యూరప్ సుంకం టన్నుకు వంద యూరోలకు పైనే. అంటే ఒకే బస్తాకు ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి. కాబట్టి "సున్నా" అన్న పదం కనపడగానే రూల్స్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు పుట్టుక తేల్చే నియమాలు) అధ్యాయానికి వెళ్లండి, దాని వెనక ఉన్న సరుకుల పట్టిక కూడా చూడండి. విలువంతా ఆ పట్టికలోనే ఉంటుంది.

తర్వాత పనీర్ తీసుకోండి. బ్రిటన్ పాలతో చేసింది, పుట్టుక సమస్య లేదు, సుంకం సున్నా. అయినా పాల పదార్థం కాబట్టి ప్రభుత్వం గుర్తించిన వెటర్నరీ డాక్టర్ సంతకంతో హెల్త్ సర్టిఫికెట్ కావాలి. కంటైనర్ నిండా ఒకే సరుకు పంపే పెద్ద కంపెనీకి ఒక సంతకం సరిపోతుంది. పది రకాలు పది పెట్టెలు పంపే చిన్న వ్యాపారికి అదే పెద్ద భారం. అందుకే షరతు దేశం మొత్తానికి మంచిదా అని కాకుండా, ఏ సైజు వ్యాపారికి మంచిదని అడగండి.

అమలు తేదీలు రెండు వైపులా చూడండి. యూరప్ మొదటి రోజు నుంచే పూర్తి తనిఖీలు పెట్టింది. బ్రిటన్ తన వైపు వాయిదాలు వేస్తూ వేస్తూ, యూరప్ ఆహార సరుకులకు హెల్త్ సర్టిఫికెట్లు 2024 జనవరిలో, భౌతిక తనిఖీలు ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. మూడేళ్లకు పైగా వాళ్ల సరుకు తేలిగ్గా వచ్చింది, మా సరుకు ఆగి ఆగి వెళ్లింది. ఇది ఒప్పందం చదివితే తెలియదు.

సేవల అధ్యాయం త్వరగా అయిపోతుంది, ఎందుకంటే అందులో ఉన్నది తక్కువ. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థలో అయిదింట నాలుగు వంతులు సేవలే. అయినా లండన్ బ్యాంకులకు యూరప్ అంతటా ఒకే లైసెన్సుతో పనిచేసే వీలు పోయింది. ఈ లేకపోవడాన్ని ప్రాజెక్టులో తప్పకుండా రాయమన్నాను.

"తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అన్న క్లాజులన్నీ పెన్సిల్‌తో గీసుకోండి. మన రాష్ట్ర విభజన చట్టంలో తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంపకం పదేళ్లు దాటినా తెగలేదని తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఉత్తర ఐర్లాండ్ అలాంటిది, 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ సముద్రంలో యూరప్ పడవల చేపల వేట గడువు 2026 జూన్ వరకని మొదట రాసుకున్నారు, 2025 మేలో రెండు వైపుల నాయకుల సమావేశంలో దాన్ని 2038 దాకా పొడిగించడానికి ఒప్పుకున్నారు. ఆ సమావేశంలోనే ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందం చేసుకుందామనీ అనుకున్నారు. నేను దాని కోసమే చూస్తున్నాను.

చివరగా, దేనితో పోల్చి తూకం వేస్తున్నారో మొదటి పేజీలోనే రాయాలి. ఒప్పందమే లేకుండా బయటికొచ్చి ఉంటే ఏమయ్యేది అని పోలిస్తే ఇది మేలు. సభ్యదేశంగానే ఉండిపోయి ఉంటే అని పోలిస్తే, బ్రిటన్ బడ్జెట్ అంచనాలు వేసే ఓబీఆర్ సంస్థ లెక్కలో దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువ. మా తమ్ముడు రెండూ కలిపి ఒకే పేరాలో రాశాడు. విడదీసి మళ్లీ రాయమన్నాను. బియ్యం సరుకు కోడ్ 1006, అక్కడి నుంచి మొదలుపెట్టమన్నాను.